భీమవరం నుంచి బోస్టన్ దాకా: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం

కిందటేడు ప్రాక్టికల్ పరీక్షలో చీటీ తీస్తే నాకు వచ్చిన ప్రయోగం భాస్వరం ఎంత ఉందో లెక్క కట్టటం. భాస్వరం మా ఇంటికి కొత్త వస్తువు కాదు. మా నాన్న చేలో వేసే సూపర్ ఫాస్ఫేటు బస్తాల మీద ఆ మాటను అక్షరాలు నేర్చుకొన్న నాటినుంచీ చూస్తున్నాను. ఆ బస్తాలు భుజాన మోశాను కూడా. కాని ప్రయోగశాలలో దాని తీరు వేరు. పరీక్షనాళికలోని ద్రావణానికి మాలిబ్డేటు చేర్చి, ఆపైన ఇంకొక రసాయనం కలిపితే మెల్లగా నీలం రంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ ఉన్నట్టు. ఈ పద్ధతికి ఫిస్కే-సుబ్బారో పద్ధతి అని రికార్డులో పేరు రాసుకొన్నాం. ఫిస్కే ఎవరో తెల్లవాడని తెలుస్తూనే ఉంది. సుబ్బారో కూడా ఏ ఇటలీవాడో అయి ఉంటాడులే అనుకొన్నాను.

పరీక్ష అయిపోయి గాజుసామాను కడుగుతుంటే మా లెక్చరరు గారు అసలు సంగతి చెప్పారు. ఆ సుబ్బారో మన సుబ్బారావు గారేనట. మా ఊరివాళ్ళం బట్టలకీ, పురుగుమందులకీ, సినిమాకీ వెళ్ళే భీమవరంలోనే పుట్టారట. నాకు చెప్పలేనంత సిగ్గు వేసింది. పక్క ఊరివాడి పేరు అమెరికా మీదుగా తిరిగివచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను.

ఆ సెలవుల్లో ఇంటికి వెళ్ళేసరికి ఇంకొక సంగతి నాకోసం కాచుకొని ఉంది. నన్ను డిగ్రీ కాగానే పైదేశం పంపించాలని నాన్న నిశ్చయించుకొన్నాడు. మా పెదనాన్న గారి అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. వాడు వెళ్ళినప్పటినుంచీ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అందరూ నాన్నను నా సంగతే అడుగుతున్నారు. మాకున్నది మూడెకరాలు. అందులో ఎకరంన్నర బ్యాంకులో పెట్టి అప్పు తేవాలని నాన్న ఆలోచన. పట్టాదారు పాసు పుస్తకం ట్రంకుపెట్టెలోంచి తీసి గూట్లో పెట్టి ఉంచాడు. ఊ అనటానికీ, ఊహూ అనటానికీ నాకు నోరు రాలేదు. మళ్ళీ కాలేజికి వచ్చాక, నూరేళ్ళ క్రితం మా ప్రాంతంనుంచి వెళ్ళిన ఆ మనిషి ఎలా వెళ్ళారు, ఎవరి డబ్బుతో వెళ్ళారు, ఏం సాధించారు అని తెలుసుకోవాలనిపించింది. లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. చదివినదాన్ని మిత్రులతో పంచుకోవటానికే ఈ వ్యాసం.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి త్వరగానే ఉద్యోగం వదులుకొన్నారు. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల సంసారం. పిల్లవాడికి చదువుమీద ధ్యాస తక్కువ. పదమూడేళ్ళ వయస్సులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలని ఇంట్లోంచి పారిపోయాడని చెబుతారు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో వేసింది. ఇంతా చేసి మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలునుంచి రాసి గట్టెక్కాడు. ఈలోగా తండ్రి పోయారు. ఆమె తన నగలు అమ్మి కొడుకు చదువు ఆగకుండా చూసింది. సప్లిమెంటరీ పరీక్షలు రాసే మిత్రులు ఈ భాగం రెండుసార్లు చదువుకోవచ్చు. అయితే పరీక్ష తప్పినందుకు గొప్పవాడు కాలేదనీ, తప్పాక కూడా వదలకుండా చదివించిన తల్లి ఉందనీ గుర్తుపెట్టుకోవాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయన మనస్సు రామకృష్ణ మఠంవైపు తిరిగింది. సన్యాసం పుచ్చుకొంటానన్నాడు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. మఠంలోని పెద్దలు కూడా తల్లి అనుమతి లేనిదే చేర్చుకోలేమనీ, వైద్యం చదివి ప్రజలకు సేవ చెయ్యమనీ సలహా ఇచ్చారు. అలా ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో పెళ్ళయింది. భార్య శేషగిరి గారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు అల్లుడి చదువు ఖర్చు కొంత భరించారు.

అవి గాంధీగారి సహాయ నిరాకరణ రోజులు. విదేశీ బట్ట మానెయ్యాలని గాంధీగారు పిలుపునిస్తే, ఈ కుర్రవాడు ఆపరేషన్ గదిలో వేసుకొనే గౌను కూడా ఖద్దరుదే కుట్టించుకొన్నాడు. సర్జరీ ప్రొఫెసరుకు అది కంటగింపయింది. రాతపరీక్షలు బాగా రాసినా, పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చింది. ఒక్క గౌను ఆయన బతుకులో ఎంత మలుపు తిప్పిందో ముందు ముందు చూస్తాం. మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నించారు, దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే లెక్చరరుగా కుదిరారు.

ఈ రోజుల్లోనే ఆ ఇంటిమీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాలో ఒకే జబ్బుతో పోయారు. ఆ జబ్బు పేరు స్ప్రూ. మనవాళ్ళు సంగ్రహణి అనేది ఇలాంటి వ్యాధినే. తిన్నది ఒంటికి పట్టదు. పేగులు సారాన్ని పీల్చుకోలేవు. విరేచనాలు ఆగవు, నెత్తురు పల్చబడుతుంది, మనిషి కళ్ళముందే కరిగిపోతాడు. సుబ్బారావు గారిని కూడా ఆ జబ్బు పట్టుకొంది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. తను డాక్టరు. ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టరు. అయినా ఇద్దరు అన్నదమ్ములకు ఏం మందు ఇవ్వాలో తెలియలేదు. అసలు ఆ రోజుల్లో ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

పైదేశం వెళ్ళాలనే ఆలోచన గట్టిపడింది ఇక్కడే అని నాకు అనిపిస్తుంది. ఉష్ణదేశాల జబ్బులను ప్రత్యేకంగా పరిశోధించే విభాగం అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడికి రాసి సీటు సంపాదించారు. సీటు వచ్చింది కాని డబ్బు లేదు. ఇప్పటిలాగ బ్యాంకు అప్పులు లేవు. కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఉంది. ఆ నాయకర్ గారు రంగూన్‌లో కష్టపడి గడించిన ఆస్తిని చదువులకూ, ధర్మాలకూ రాసి పోయిన మహానుభావుడు. ఆ నిధినుంచి కొంత సాయం దొరికింది. మిగిలింది మామగారు సర్దారు. ఒకరు సముద్రం దాటి సంపాదించిన డబ్బుతో ఇంకొకరు సముద్రం దాటారన్నమాట.

1920ల మొదట్లో, ఒక అక్టోబరు నెలలో, ఆయన బోస్టన్‌లో దిగారు. అక్టోబరు అంటే మనకు వానలు వెనక్కి తగ్గే కాలం. వాళ్ళకు చలి మొదలయ్యే కాలం. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. జేబులో దాదాపు ఏమీ లేదు. ఇక్కడే మద్రాసు ఖద్దరు గౌను మళ్ళీ అడ్డు తగిలింది. ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో అక్కడ డాక్టరుగా పనిచేసి సంపాదించుకొనే వీలు లేకపోయింది. ఉష్ణమండల వైద్య విభాగం పెద్ద డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆయనపట్ల దయ చూపారు. కాని రోజులు గడవాలి కదా. పీటర్ బెంట్ బ్రిగ్‌హాం అనే ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడుగా చేరారు. రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తటం, కడగటం ఆ పని. మద్రాసులో విద్యార్థులకు పాఠం చెప్పిన లెక్చరరు, పట్టా ఉన్న డాక్టరు, బోస్టన్‌లో రాత్రిళ్ళు ఈ పని చేసి పగలు క్లాసులో కూర్చొన్నారు. డిప్లొమా సంపాదించారు. మా పెదనాన్న గారి అబ్బాయి అక్కడ రాత్రిపూట ఏం పని చేస్తున్నాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం చెప్పాడు. సుబ్బారావు గారి గురించి చదివాక వాడిమీద నాకు గౌరవం పెరిగింది.

ఆ దేశం కూడా మనవాళ్ళకు అప్పుడు తలుపులు బార్లా తెరిచి ఉంచలేదు. 1917లో చేసిన చట్టం ప్రకారం మన దేశంనుంచి కూలీలుగా వలస వెళ్ళేవాళ్ళకు ప్రవేశం లేదు. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉండేది. 1923లో భగత్‌సింగ్ తింద్ అనే పంజాబీ మీద వచ్చిన కేసులో, హిందూ దేశస్థులకు అమెరికా పౌరసత్వం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే చదువుకోవచ్చు, పనిచెయ్యవచ్చు, కాని ఆ ఇంటివాడు కాలేడు. ఈ మెడమీది కత్తి కిందనే ఆయన తరువాతి ఇరవై ఏళ్ళ పనంతా చేశారు.

డిప్లొమా తరువాత ఆయన హార్వర్డ్‌లోనే జీవరసాయన శాఖలో చేరారు. ఆ శాఖకు అధిపతి ఆటో ఫోలిన్. ఆయన కింద సైరస్ ఫిస్కే. ఫిస్కేతో కలిసి సుబ్బారావు గారు నెత్తుటిలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగునుబట్టి తేల్చే పద్ధతిని తయారుచేసి 1925లో ప్రకటించారు. నా ప్రాక్టికల్ చీటీలో వచ్చినది అదే. ఆసుపత్రుల్లో, కాలేజీల్లో తరతరాల విద్యార్థులు ఆ నీలం రంగును చూశారు.

ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తుంటే ఒక వింత కనబడింది. నీలం రావలసిన వేగంతో రావటం లేదు, ఆలస్యంగా వస్తోంది. మనమయితే రసాయనం పాడయిందనుకొని పారబోసి, పక్కవాడి రికార్డులోంచి అంకె ఎక్కించుకొనేవాళ్ళం. వాళ్ళు పారబొయ్యలేదు. ఆ ఆలస్యం వెంటపడ్డారు. కండరంలో భాస్వరం ఏదో పదార్థంతో వదులుగా కట్టుకొని ఉందనీ, అది నెమ్మదిగా ఊడిపడుతోందనీ తెలిసింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే అది విడిపోతుంది, విశ్రాంతి తీసుకొంటే మళ్ళీ కూడుతుంది. 1927లో ఈ సంగతి ప్రకటించారు. అదే కాలంలో లండన్‌లో ఎగుల్టన్ దంపతులు కూడా విడిగా ఈ పదార్థం జాడ పట్టారు. అంతకుముందు కండరం కదలటానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని నమ్మేవారు. కండరాల మీద చేసిన పనికే హిల్, మెయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఆలస్యంగా వచ్చిన ఒక నీలం రంగు ఆ నమ్మకాన్ని కదిలించింది.

1929లో ఫిస్కే, సుబ్బారావు గార్లు కండరంనుంచి ఏ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. ప్రతి జీవకణానికీ రోజుకూలి డబ్బులాంటిది ఏ.టి.పి. పనికి పని అక్కడికక్కడే చెల్లుబాటు. మడిలో నాట్లు వేసే చెయ్యీ, ఈ వ్యాసం రాసే చెయ్యీ దానితోనే కదులుతాయి. 1930లో హార్వర్డ్ ఆయనకు పిహెచ్.డి. ఇచ్చింది.

ఇంత చేసిన మనిషికి హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. మరి పదేళ్ళు చిన్న పదవుల్లోనే ఉంచారు. తన పని గురించి తాను చెప్పుకోవటం ఆయనకు చేతకాదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే అడ్డుపడటంవల్ల అచ్చుకాలేదనీ, తరువాత వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ, అక్కడే చదివి ఆ తరువాత 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ చెప్పారు. ఇది మనం గుర్తుంచుకోదగిన విషయం. పైదేశపు పెద్ద యూనివర్శిటీలో కూడా పక్షపాతం ఉంటుంది. గేటులోపల అంతా స్వర్గమని కన్సల్టెన్సీవాళ్ళు పంచే రంగు కాగితాల్లో తప్ప ఎక్కడా లేదు.

1940లో ఆయన హార్వర్డ్ విడిచి, న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చోట ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. త్వరలోనే అక్కడి పరిశోధన అంతటికీ డైరెక్టరు అయ్యారు. ఆ తరువాత ఆయన బతికింది ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో ఆయన బృందం చేసిన పనిని చెబితే కట్టుకథ అనుకొంటారు.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక రకం రక్తహీనతను ఈస్టుతో నయం చెయ్యవచ్చని లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1931లో బొంబాయి నేత మిల్లుల స్త్రీలమీద చేసిన పని ఆధారంగా చెప్పింది. ఈస్టులో పనిచేసే ఆ పదార్థం ఏమిటో ఎవరూ పట్టుకోలేదు. లెడర్లీలోని సుబ్బారావు గారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. వెంటనే క్యూబా, ప్యూర్టోరికో దీవుల్లో టామ్ స్పైస్ అనే డాక్టరు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. నెత్తురు పట్టింది, ఆకలి పుట్టింది, మనుషులు లేచి తిరిగారు. మిత్రులారా, ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చొన్నాను. అన్నా తమ్ముడూ పోయిన పాతికేళ్ళకు, వాళ్ళను చంపిన జబ్బుకు పనికివచ్చే మందు ఆ మూడో అన్నదమ్ముడి ప్రయోగశాలలోంచి వచ్చింది. ఈ రోజు మా అక్క పుట్టింటికి వచ్చి ఉంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్ర రోజూ వేసుకొంటోంది. ఆ మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

రెండవది కేన్సరు మందు. ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ దాని పనిని అడ్డుకొనే పదార్థాలను కూడా ఆయన బృందం తయారుచేసింది. అందులో ఒకటి ఎమినాప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని నెత్తుటి కేన్సరు వచ్చిన పసిపిల్లలకు ఇచ్చాడు. జబ్బు పూర్తిగా పోలేదు కాని, కొందరు పిల్లలకు కొన్ని నెలలు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. అంతవరకు ఆ పిల్లలకు ఏ ఆశా లేదు. దాని తోబుట్టువు అయిన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ కేన్సరుకూ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు.

మూడవది మట్టిలోంచి వచ్చిన మందు. డెబ్బై ఏళ్ళు దాటి కాలేజీనుంచి రిటైరయిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడిని లెడర్లీ చేర్చుకొంది. ఆయన ఊరూరి మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను వెదికాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయంవారి వ్యవసాయ ప్రయోగ క్షేత్రంలోని ఒక మడి మట్టిలో ఆరియోమైసిన్ ఇచ్చే జీవి దొరికింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. 1948లో లోకానికి తెలిసింది. చేలో మట్టి కాలికి అంటితే కడుక్కొని కాలేజికి వచ్చే నాలాంటివాడికి ఈ కథ ఎంత ఉత్సాహం ఇచ్చిందో చెప్పలేను.

నాలుగవది మా గోదావరి జిల్లాల మందు. అలా ఎవరూ అనరు, నేనే అంటున్నాను. మా నాయనమ్మకు ఎడమకాలు బోదకాలు. నేను పుట్టక ముందునుంచీ ఉంది. గుమ్మం దిగాలంటే రెండు చేతులతో కాలు ఎత్తి పెట్టుకొంటుంది. డెల్టాలో కాలవలూ, మురుగూ, దోమలూ ఎక్కువ. ఆ జబ్బు మా వైపు పాతది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పోరాడిన అమెరికా సైనికులకు ఆ జబ్బు తగులుకొంటే అప్పుడు అమెరికావాళ్ళు మందు వెదికారు. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం కనుగొన్న డై ఇథైల్ కార్బమజైన్‌ను 1947లో ప్రకటించారు. నెత్తుటిలో తిరిగే పురుగు పిల్లలను అది చంపుతుంది. వాచిన కాలును మామూలు చెయ్యలేదు, కాని జబ్బు ఇంకొకరికి పాకకుండా ఆపుతుంది. మన దేశంలో 1955లో మొదలైన బోదవ్యాధి నివారణ కార్యక్రమానికి ఈ మందే ఆధారం అయింది. మా చిన్నప్పుడు ఆరోగ్యశాఖవాళ్ళు ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబడి మింగించిన తెల్ల మాత్రలు అవే. చేదని నేను నాలుక కింద దాచి, దొడ్లోకి పోయి ఉమ్మేసేవాణ్ణి. భీమవరం బిడ్డ అమెరికా వెళ్ళి చేసి పంపిన మందును, భీమవరానికి బస్సు దూరంలో నేను ఉమ్మేశాను. నాకూ, మా అక్కకూ ఆ జబ్బు రాలేదంటే ఉమ్మెయ్యనివాళ్ళ పుణ్యమే.

1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళకే, నిద్రలో గుండె ఆగి సుబ్బారావు గారు మరణించారు. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. ఆయన ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. 1946లో చట్టం మారి మనవాళ్ళకు వీలు కలిగినా, అమెరికా పౌరుడు కూడా కాలేదు. నోబెల్ బహుమతి రాలేదు. తరువాత ఒక బూజుజాతికి ఆయన పేరుమీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలాశాఖ ఒక బిళ్ళ వేసింది.

ఇంతవరకు గొప్పవాళ్ళ జీవితాల్లో రాసేదే నేనూ రాశాను. ఇంకొకటి రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. శేషగిరి గారి సంగతి. ఆయన బయలుదేరేనాటికి ఆమెకు పెళ్ళయి నాలుగేళ్ళయినా నిండీ నిండలేదు. ఒక కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు. ఆ వేళ తండ్రి సముద్రానికి ఆవల ఉన్నారు. తరువాత ఆమె ఎదురుచూసింది ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు. చివరికి వచ్చింది ఆయన పోయారన్న వార్త. ఇందుకు ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఎన్ని లక్షలమంది ప్రాణాలో ఆ ప్రయోగశాలలో ఉన్నాయి. కాని లెక్క రాసేటప్పుడు ఖర్చు వైపు కూడా రాయాలని మా నాన్న నాకు నేర్పాడు. దిగుబడి ఒక్కటే రాసేవాడు రైతు కాడు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు నేను నాన్న పక్కన అరుగుమీద కూర్చొని, ఆయన పద్దుల పుస్తకంలోనే ఒక ఖాళీ పేజీ తీసి మూడు పద్దులు రాశాను. మొదటి పద్దు, నేను ఏ ప్రశ్న పట్టుకొని వెళుతున్నాను? సుబ్బారావు గారి దగ్గర డబ్బు లేదు, సరైన డిగ్రీ లేదు, కాని అన్నదమ్ములు ఎందుకు పోయారు అనే ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నే ఆయనచేత మలపాత్రలు కడిగించింది. నా పద్దులో ఆ చోట ఏమీ రాయలేకపోయాను. పెదనాన్న కొడుకు వెళ్ళాడు కాబట్టి అని రాయటానికి సిగ్గేసింది. రెండవ పద్దు, ఎవరి డబ్బు? ఎకరంన్నర అని రాశాను. మూడవ పద్దు, ఎదురుచూసేవాళ్ళు ఎవరు? అమ్మ, నాన్న, నాయనమ్మ అని రాశాను. నాన్న కళ్ళజోడు పెట్టుకొని ఆ పేజీ చాలాసేపు చూశాడు. ఏమీ అనకుండా లేచి వెళ్ళి పాసు పుస్తకం గూట్లోంచి తీసి మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టాడు. కోపం వచ్చిందో, బరువు దిగిందో నాకు తెలియలేదు. రాత్రి అన్నాల దగ్గర మాత్రం, ఆ మొదటి పద్దు నింపిన రోజున పెట్టె తాళం నా చేతికే ఇస్తానన్నాడు.

కాబట్టి ప్రస్తుతానికి నేను ఎమ్మెస్సీకి చదువుతున్నాను. పైదేశం వెళ్ళనని కాదు. తప్పకుండా వెళతాను, వెళ్ళటానికి తగినవాణ్ణయితే. అక్కడ పరిశోధన విద్యార్థులకు జీతమిచ్చి చదివించే పద్ధతి కూడా ఉందని మా లెక్చరరు గారు చెప్పారు. దానికి పొలం పత్రాలకంటె ప్రయోగశాలలో పట్టుకొన్న ప్రశ్న ముఖ్యమట. ఈ ఏడు పెట్టెలు సర్దుకొంటున్న మిత్రులకు నా శుభాకాంక్షలు. వెళ్ళండి, బాగా చదవండి. రాత్రిపూట ఏ పని చెయ్యవలసివచ్చినా నామోషీ పడకండి. కాని బయలుదేరేముందు ఒక్కసారి ఆ మూడు పద్దులూ రాసి చూసుకోండి. సెలవు దొరికిన ప్రతిసారీ ఇంటికి రండి.

నాయనమ్మకు ఈ కథ అంతా చెప్పాను. బోదకాలు మాత్ర కనిపెట్టింది మన భీమవరం ఆయన అంటే నమ్మలేదు. తరువాత ఆ మహారాజు మళ్ళీ ఊరు చూశాడా అని అడిగింది. లేదన్నాను. కాలు రెండు చేతులతో ఎత్తి మంచంమీద పెట్టుకొని, అయ్యో, వాళ్ళమ్మ ఎంత ఎదురుచూసిందో అంది.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి